‘జ్ఞా’ కనిపిస్తే ఐఫోన్ ఎందుకు క్రాష్ అయింది..? 2018 ‘తెలుగు బగ్’ అసలు కథ ఇదీ!

ఒకే ఒక్క తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను హడలెత్తించింది. 2018 ఫిబ్రవరి నాటి మాట ఇది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానం, విజ్ఞానం అని మనం మామూలుగా రాసుకునేదే. (కంగారు పడొద్దు.. ఇది చదువుతున్న మీ ఫోన్‌కు ఏమీ కాదు.)

అసలేం జరిగిందంటే..

ఐఓఎస్ 11.2.5 వెర్షన్ ఉన్న ఐఫోన్‌కు ఎవరైనా ఈ అక్షరాన్ని మెసేజ్‌గా పంపితే, దాన్ని తెరిచిన యాప్ టక్కున మూతపడేది. ఐమెసేజ్, వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్.. అన్నింటిదీ అదే పరిస్థితి. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే అక్షరం, మళ్లీ మూత. పోనీ చాట్ డిలీట్ చేద్దామంటే యాప్ తెరుచుకుంటే కదా! ఇక ఆ మెసేజ్ నోటిఫికేషన్‌గా స్క్రీన్ మీద పడిందంటే ఇంకా ఇబ్బంది. హోమ్ స్క్రీన్‌ను నడిపే ‘స్ప్రింగ్‌బోర్డ్’ ప్రోగ్రామే కుప్పకూలేది. ఫ్రెండ్‌తో మామూలు మెసేజ్ ఇంకోటి పెట్టించుకుని, ఆ తర్వాత యాప్‌లోకి వెళ్లి పాత చాట్ తీసేయడం అప్పట్లో నడిచిన చిట్కా. కొందరు ఆకతాయిలైతే ట్విట్టర్‌లో తమ పేరు పక్కనే ఈ అక్షరం పెట్టేశారు.

మరి ఐఫోన్లలో ‘జ్ఞానం’ అనే మాట అంతకుముందు ఎవరూ రాయలేదా? రాశారు. మామూలుగా టైప్ చేస్తే ఏమీ కాలేదు కూడా. కిటుకంతా కంటికి కనిపించని చోట ఉంది.

మనకు ‘జ్ఞా’ ఒకే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం అది నాలుగు కోడ్‌లు.. జ, పొల్లు, ఞ, చివర దీర్ఘం. యూనికోడ్‌లో తెలుగు ఇలాగే ఉంటుంది. వత్తులకు విడిగా కోడ్‌లు లేవు, ఈ ముక్కలను కలిపి బొమ్మగా గీసే పని ఫోన్‌దే. క్రాష్ చేయించిన వరుసలో ఐదోది ఒకటి దాక్కుంది. పేరు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’. స్క్రీన్ మీద దానికి రూపం ఉండదు, పక్కపక్క అక్షరాలు కలవకుండా ఆపడమే దాని పని. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ‘ట్’ కింద ‘వ’ వత్తు పడకుండా చూసేది ఇదే. అంటే తెలుగు టైపింగ్‌లో రోజూ పనికొచ్చేదే! కానీ ఆ మెసేజ్‌లో అది ‘జ్ఞ’కూ దీర్ఘానికీ మధ్య, అక్కడ పనేమీ లేని చోట కూర్చుంది. ఆ వరుసను ఎలా గీయాలో తేల్చుకోలేక యాపిల్‌కు చెందిన ‘కోర్‌టెక్స్ట్’ తడబడింది. యాప్‌లలో అక్షరాలను గీసిపెట్టే సాఫ్ట్‌వేర్ అదే కాబట్టి, దానితో పాటు యాప్‌లూ పడిపోయాయి.

మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ దీన్ని విడదీసి చూశారు. ‘జ్ఞా’ ఒక్కటే కాదు.. తెలుగులో వత్తు ఉన్న చాలా అక్షరాలు ఇదే పద్ధతిలో క్రాష్ చేయించగలవని తేలింది. హిందీ రాసే దేవనాగరి, బెంగాలీ లిపుల్లోనూ ఇలాంటి వరుసలు దొరికాయి. అయినా పేరు మాత్రం ‘తెలుగు బగ్’ అనే స్థిరపడిపోయింది. ఇది కాస్త అన్యాయమే. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీయాల్సిన సాఫ్ట్‌వేర్‌ది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక్క భారత్‌లోనే 8.11 కోట్ల మందికి మాతృభాష అయిన లిపిని ఇంకాస్త గట్టిగా టెస్ట్ చేసి ఉండాల్సింది.

ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సమస్యను సరిచేసింది. మ్యాక్, యాపిల్ వాచ్, యాపిల్ టీవీలకూ అప్‌డేట్లు ఇచ్చింది. ‘కొన్ని అక్షరాల వరుసల’ వల్ల యాప్‌లు క్రాష్ అవుతున్నాయని అప్‌డేట్ నోట్‌లో రాసింది కానీ, తెలుగు పేరు ఎత్తలేదు. సెక్యూరిటీ వివరాల్లో మాత్రం ఇది మెమరీ దెబ్బతినే లోపమని ఒప్పుకుంది.

యాపిల్‌కు ఇది మొదటిసారీ కాదు, ఆఖరిదీ కాదు. 2015 మేలో అరబిక్ అక్షరాలున్న ఒక మెసేజ్ ఇలాగే ఐఫోన్లను రీస్టార్ట్ చేయించింది. 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరాలు, ఇటలీ జెండా ఎమోజీ కలిపిన మెసేజ్ ఫోన్లను స్తంభింపజేసింది.