కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ: ప్రవేశం నుంచి పట్టా వరకు

ఔషధాలు, ఎరువులు, ఇంధనాలు, రంగులు, ప్లాస్టిక్ వంటి వాటిని ప్రయోగశాల స్థాయి నుంచి కర్మాగారం స్థాయికి చేర్చే శాస్త్రం కెమికల్ ఇంజినీరింగ్. ఈ రంగంలో అత్యున్నత పట్టా పీహెచ్‌డీ. దీనికి పరీక్షల్లో ఉత్తీర్ణత ఒక్కటే చాలదు. అభ్యర్థి తన పరిశోధనతో కొత్త విషయాన్ని నిరూపించి, నిపుణుల ఎదుట సమర్థించుకోవాలి. అదీ నిర్ణీత గడువులోగా పూర్తి కావాలి.

దేశంలోని విశ్వవిద్యాలయాలకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనలు ఆధారం. ఐఐటీలు, ఎన్‌ఐటీలలో ఆయా సంస్థల సెనేట్లు ఆమోదించిన నియమాలు అమలవుతాయి.

యూజీసీ నిబంధనల ప్రకారం స్నాతకోత్తర పట్టాలో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి. నాలుగేళ్ల బీటెక్‌తోనే చేరదలచినవారికి 75 శాతం అవసరం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది. ఇంజినీరింగ్ విభాగాలలో ప్రవేశానికి, ఫెలోషిప్‌కు చాలా సంస్థలు గేట్ అర్హతను కోరుతాయి. ఆ తరువాత రాత పరీక్ష లేదా ఇంటర్వ్యూ ఉంటుంది.

చేరిన తరువాత తొలి మెట్టు కోర్సు వర్క్. దీనికి కనీసం 12 క్రెడిట్లు. ఉత్తీర్ణతకు 55 శాతం మార్కులు రావాలి. పరిశోధన పద్ధతులు, ప్రచురణ నైతికతతో పాటు ఉష్ణగతిశాస్త్రం, ద్రవ్య, ఉష్ణ బదిలీ, రసాయన చర్యల ఇంజినీరింగ్, గణిత పద్ధతులు సాధారణంగా ఇందులో ఉంటాయి. అనేక సంస్థలు దీని తరువాత సమగ్ర పరీక్ష కూడా నిర్వహిస్తాయి. విశ్వవిద్యాలయాలలో పరిశోధక విద్యార్థి ప్రతి సెమిస్టరులోనూ సలహా సంఘం ఎదుట పని పురోగతిని వివరించాలి.

పీహెచ్‌డీ కనీస వ్యవధి మూడేళ్లు, గరిష్ఠ వ్యవధి ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు లభిస్తాయి. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉన్నా, మొత్తం పదేళ్లు దాటరాదు. మహిళలు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు పొందవచ్చు.

ఇక్కడ అభ్యర్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. నమోదు గడువు ఆరేళ్లయినా, జూనియర్, సీనియర్ రిసెర్చ్ ఫెలోషిప్‌లు కలిపి సాధారణంగా ఐదేళ్లకే పరిమితం. 2023 జనవరి నుంచి తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 రూపాయలు చెల్లిస్తున్నారు. పరికరం ఆలస్యంగా వచ్చినా, ఉత్ప్రేరకం ఆశించినట్లు పనిచేయకపోయినా నెలలు గడిచిపోతాయి. అందువల్ల ప్రయోగ సదుపాయాలు సిద్ధంగా ఉన్నాయా, పర్యవేక్షకుని పదవీ విరమణ దగ్గరలో ఉందా అన్నది చేరకముందే తెలుసుకోవడం అవసరం.

సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు దానిని గ్రంథచౌర్య పరీక్షకు గురిచేస్తారు. పత్రికలో వ్యాసం ప్రచురించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించింది. అయినా సొంత నియమాల మేరకు కొన్ని సంస్థలు నేటికీ ప్రచురణను కోరుతున్నాయి. గ్రంథాన్ని పర్యవేక్షకునితో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు పరిశీలిస్తారు. వారిలో ఒకరు ఆమోదించి, మరొకరు తిరస్కరిస్తే మూడో పరీక్షకునికి పంపుతారు. ఆమోదం లభించాకే మౌఖిక పరీక్ష. సమర్పించిన నాటి నుంచి ఆరు నెలల్లో ఈ ప్రక్రియ అంతా ముగియాలి.

తెలుగు రాష్ట్రాలలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా సాంకేతిక కళాశాల, వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాద్, తిరుపతి ఐఐటీలలో ఈ పరిశోధనకు అవకాశం ఉంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోనూ పరిశోధన చేయవచ్చు. దరఖాస్తుకు ముందు ఆయా సంస్థల తాజా ప్రకటనను, పీహెచ్‌డీ నియమావళిని అభ్యర్థులు పూర్తిగా చదువుకోవాలి.