గండి పూడ్చు విద్య: సాఫ్ట్‌వేరు మూలపాఠముల కథ

అనంతపురము పట్టణమునకు చేరువనే బుక్కరాయసముద్రము అను గ్రామమును, ఆ పేరు గల పెద్ద చెరువును కలవు. మొదటి బుక్కరాయల మంత్రి యైన చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరునకు అడ్డముగా కట్ట వేయించి ఈ చెరువును నిర్మించెనని చెప్పుదురు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టసీమలో చెరువునకు గండి పడుట యనగా ఒక ఏటి తిండి కొట్టుకొనిపోవుట. ఈ కట్ట తెగబోవుచుండగా ముసలమ్మ యను ఇల్లాలు తన ప్రాణము నర్పించి ఊరిని కాపాడిన కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించిరి.

కథలో త్యాగము కట్టను నిలిపినది. ఆ కాలపు చెరువుల పనివారికి మరియొక మార్గమును తెలియును. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి శాసన మొకటి కలదు. మంచి చెరువునకు ఉండవలసిన అంగములు 12 అనియు, దోషములు 6 అనియు అది పేర్కొనుచున్నది. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, చెరువు నడుమ మెరక యుండుట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట మొదలగునవి ఆ దోషములు. దోషమునకు పేరు పెట్టి, అది ఎచ్చట నున్నదో వ్రేలు పెట్టి చూపగలిగినపుడే మరమ్మతు సాధ్యమగును. అందులకు కట్ట కంటికి కనబడవలెను.

మన కాలమున కంటికి కనబడని కట్టలు కొన్ని ఏర్పడినవి. కంప్యూటరును నడపు ప్రోగ్రాములు అట్టివి. వానికిని గండ్లు పడును. వానిని పూడ్చు విద్య ఎట్లు పుట్టినదో, అది మన తెలుగు లిపికి ఎట్లు పనికివచ్చినదో తెలిసికొందము.

మూలపాఠము, యంత్రభాష

కంప్యూటరు గ్రహించునది సున్నలు, ఒకట్లు మాత్రమే. మొదటి తరపు యంత్రములకు మనుష్యులే ఆ సంకేతములను వ్రాయవలసియుండెను. 1952లో అమెరికాలో గ్రేస్ హాపర్ ‘ఏ-0’ అను ప్రోగ్రామును సిద్ధపరచెను. ముందే వ్రాసియుంచిన చిన్న చిన్న భాగములను కూర్చి యంత్రమునకు కావలసిన సంకేతములను అదియే తయారుచేసెను. అట్లు కూర్చు ప్రోగ్రామునకు కంపైలరు అని పేరు వచ్చినది. 1957లో జాన్ బాకస్ బృందము ఫోర్ట్రాన్ భాషకు కంపైలరును వెలువరించినది. అటుపై ప్రోగ్రాములు రెండు రూపములు దాల్చినవి. ఒకటి మనుష్యుడు చదువగలిగిన మూలపాఠము. దీనినే సోర్సు అందురు. రెండవది యంత్రము మాత్రమే నడుపగల సంకేతరూపము. మొదటిదానినుండి రెండవదానిని పొందుటయే కంపైలు చేయుట.

రాగిపిండి నుండి ముద్ద చేయవచ్చును గాని, ముద్దనుండి పిండిని తిరిగి రాబట్టలేము. అట్లే యంత్రరూపము నుండి రచయిత ఉద్దేశమును, అతడు పెట్టిన పేర్లను, వ్రాసికొన్న వివరణలను తిరిగి రాబట్టుట దుస్సాధ్యము. కావున దోషమును సరిదిద్దదలచినవానికి మూలపాఠము దొరకవలెను.

మాసిక ఎట్లు పుట్టినది

దోషమును సరిదిద్దు చిన్న మార్పునకు ఇంగ్లీషున ‘ప్యాచ్’ అని పేరు. మన ఇండ్లలో చినిగిన బట్టకు వేయు మాసికయే అది. ఈ పేరు ఊరక రాలేదు. 1944లో పనిచేయ నారంభించిన హార్వర్డ్ మార్క్-1 యంత్రమునకు ఆదేశములను కాగితపు పట్టీపై రంధ్రములు పొడిచి అందించెడివారు. రంధ్రము తప్పుగా పడినచో చిన్న కాగితపు ముక్కను అంటించి దానిని మూసెడివారు. అట్టి మాసికలు గల పట్టీలు నేటికిని భద్రపరుపబడియున్నవి.

1970 దశకమున అమెరికాలోని బెల్ పరిశోధనశాలలలో యూనిక్సు వ్యవస్థ పెరుగుచుండెను. 1973లో దానిని డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో తిరిగి వ్రాసిరి. 1974లో డగ్లస్ మెకిల్‌రాయ్ ‘డిఫ్’ అను ప్రోగ్రామును దానికి చేర్చెను. పాత పాఠమును, కొత్త పాఠమును పంక్తి వెంబడి పంక్తిగా పోల్చి, ఏ పంక్తి పోయినదో, ఏది చేరినదో అది చెప్పును.

ఆ శాలలోనే 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అను ప్రోగ్రామును వ్రాసెను. దాని పుట్టుక విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. స్టీవ్ జాన్సన్ అను సహోద్యోగి ఒక ఉదయమంతయు ఒక దోషమును వెదకి వేసారెను. నిజమునకు ఆ దోషమును అతడు మూలపాఠములో అంతకుముందే దిద్దియుండెను. కాని ఆ ఫైలును మరల కంపైలు చేయుట మరచెను. దిద్దినది మూలము, నడచుచున్నది పాత యంత్రరూపము. ఏ ఫైలు మారినదో కాలమును బట్టి గుర్తించి, దానిపై ఆధారపడినవానిని మాత్రమే తిరిగి కంపైలు చేయుట మేక్ యొక్క పని. మార్చినను ఫలితము మారలేదన్నచో, మార్చినదియు నడుపుచున్నదియు ఒకటేనా యని మొట్టమొదట చూడవలెనను పాఠము ఇందు గలదు.

1985లో ల్యారీ వాల్ ‘ప్యాచ్’ ప్రోగ్రామును వెలువరించెను. డిఫ్ ఇచ్చిన భేదముల పట్టికను చదివి, ఆ మార్పులను మరియొకరి ప్రతిలో తానే చేయగల నేర్పు దీనిది. వేయి పుటల గ్రంథమును పంపనక్కరలేదు. మారిన పది పంక్తులు పంపిన చాలును. దూరదేశముల వారు పరస్పరము చూచుకొనకయే ఒకే ప్రోగ్రామును దిద్దుటకు దారి ఏర్పడినది.

మూయబడిన తలుపులు, తెరచిన తలుపులు

ఇంతలో ప్రోగ్రాములు అమ్మకపు సరకులైనవి. మూలపాఠమును దాచి యంత్రరూపమును మాత్రమే ఇచ్చుట ఆచారమైనది. 1980 ప్రాంతమున మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని ఒక శాలకు కొత్త అచ్చుయంత్రము వచ్చినది. దానిలో కాగితము తరచు ఇరుకుకొనెడిది. పాత యంత్రమునకు అట్టి చిక్కు వచ్చినపుడు వాడుకరులకు కబురు పంపునట్లు అచ్చటి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ మూలపాఠమును మార్చియుండెను. కొత్తదానికి మూలపాఠము దొరకలేదు. అడిగినను ఇచ్చినవారు లేరు. ఇది స్టాల్‌మన్‌ను ఆలోచింపజేసిన సంఘటనలలో ఒకటి. 1983లో అతడు ‘గ్నూ’ ఉద్యమమును ప్రకటించెను. 1987లో దాని సి కంపైలరు వెలువడినది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సు వ్యవస్థకు కీలకమైన కెర్నెలును వెలువరించి, 1992లో దానిని గ్నూ అనుమతిపత్రము క్రిందికి తెచ్చెను. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. మార్చినదానిని పంచునపుడు దాని మూలపాఠమును గూడ అందుబాటులో నుంచవలెను. ఇదియే ఆ అనుమతి సారాంశము.

తెలుగు లిపికి కలిగిన చిక్కు

‘జ్ఞానము’ అను మాటను కంప్యూటరు ఎట్లు దాచుకొనునో చూడుడు. మొదట జ, పిదప పొల్లు గుర్తు, పిదప ఞ, ఆపై ఆకారపు గుర్తు. ఇట్లు వరుసగా దాచును. తెరపై మాత్రము ఈ నాలుగును కలిసి ‘జ్ఞా’ యను ఒకే అక్షరముగా కనబడవలెను. దాచుట ఒక పని, తీర్చి చూపుట మరియొక పని. దాచుటకు ప్రమాణమును 1991 నాటి యూనికోడు మొదటి కూర్పు ఏర్పరచినది. అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. తీర్చి చూపుట ప్రోగ్రాముల వంతు. తీర్చలేని ప్రోగ్రాములో ఒత్తులు, గుణింతములు విడివడి, వానకు కారిన సున్నపు గోడవలె మాట చెడిపోవును.

దీనిని చక్కబరుప పూనుకొన్నవారిలో తెలుగువారు పలువురు కలరు. 1990 దశకమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతిని, దానిని తెలుగు లిపిగా మార్చు ప్రోగ్రామును తయారుచేసిరి. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంటులు నేటికిని లినక్సు వాడుకరులకు లభించుచున్నవి. 2002లో వెలువడిన జీటీకే రెండవ కూర్పులో ‘పాంగో’ యను భాగము చేరి, పలు లిపులను తెరపై తీర్చు పనిని చేపట్టినది. హైదరాబాదు కేంద్రముగా ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు ఆదేశములతో గ్నూ/లినక్సు కూర్పును వెలువరించినది.

తరువాత ఈ పని ‘హార్ఫ్‌బజ్’ అను ప్రోగ్రామునకు సంక్రమించినది. దాని ముఖ్య రచయిత బెహదాద్ ఎస్ఫాబోద్ ఇరాన్ దేశీయుడు. తెలుగు మాతృభాష కానివారు తెలుగు సరిగా వచ్చినదో లేదో ఎట్లు తెలిసికొనగలరు? అందులకు వికీపీడియా నుండి మాటలను ఏర్చి, తమ ప్రోగ్రాము తీర్చిన రూపమును మైక్రోసాఫ్టు వారి ప్రోగ్రాము తీర్చిన రూపముతో పోల్చిచూచిరి. ఒక దశలో తెలుగునకు 9,70,573 పరీక్షలు జరుపగా 9,70,555 సరిపోయినవి. 18 మాత్రము సరిపోలేదు. వెన్న నాగార్జునగారు 2003 డిసెంబరులో ప్రారంభించిన తెలుగు వికీపీడియాలో, ఊరి చరిత్రనో పంట వివరమునో వ్రాసిన ఔత్సాహికుల మాటలు ఈ విధముగా పరీక్షాసామగ్రి యైనవి. పరీక్షాపదములును ప్రోగ్రామును బహిరంగములే గనుక ఎవరైనను ఆ పరీక్షను తిరిగి చేయవచ్చును.

దీనికి భిన్నమైన సంఘటన 2018 ఫిబ్రవరిలో జరిగినది. జ, పొల్లు, ఞ, వీని తరువాత కంటికి కనబడని ఒక విభజన గుర్తు, ఆకారము. ఈ వరుస గల సందేశము వచ్చినచో ఆపిల్ ఐఫోనులలోని ప్రోగ్రాములు ఆగిపోవుచుండెను. ప్రపంచ పత్రికలన్నియు ఒక తెలుగు అక్షరమును గూర్చి వ్రాసినవి. తప్పు అక్షరమునది కాదు. దానిని తీర్చు ప్రోగ్రాములోనిది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకును ఇట్లే జరుగునని పిదప తేలినది. సంస్థవారు ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో దానిని సరిదిద్దిరి. మరమ్మతు త్వరగానే జరిగినది. ఐనను అంతవరకు ఆ అక్షరమును చక్కగా ఎరిగిన తెలుగువానికి వేచియుండుట కంటె వేరు గతి లేదు.

అయితే మూలపాఠము తెరచియుండినంత మాత్రమున దోషము తనంతట తొలగిపోదు. కట్ట కనబడినను పార పట్టువాడు కావలెను. పార పట్టు విధము కొంత తెలిసికొందము.

దోషము ఎచ్చట నున్నది?

మూలపాఠము నుండి ప్రోగ్రామును కట్టుటలో నాలుగు మెట్లున్నవి. మొదటిది సరంజామా పరీక్ష. దీనిని కన్‌ఫిగర్ అందురు. ‘పాంగో దొరకలేదు’ అని ఇచ్చట ఆగినచో, యంత్రములో పాంగో ఉన్నది గదా యని విద్యార్థి ఆశ్చర్యపడును. నడుపుటకు కావలసిన భాగము వేరు, కట్టుటకు కావలసిన వివరణ ఫైలులు వేరు. ఈ రెండవవానిని ప్రత్యేకముగా తెచ్చుకొనవలెను.

రెండవది కంపైలు చేయుట. ఇచ్చట ఒక్కొక్కపుడు వందలకొలది తప్పులు తెరపై దొరలిపోవును. చివరి పంక్తిని చూచి బెదరరాదు. పైకి పోయి మొదటి తప్పును చదువవలెను. ఒక్క వివరణ ఫైలు లేనందున మిగిలినవన్నియు పుట్టియుండవచ్చును. మూడవది భాగములను జతపరచుట. ‘నిర్వచనము లేని పేరు’ అను ఫిర్యాదు ఇచ్చట వచ్చినచో, ఆ పేరు తెలిసినదే గాని దాని యంత్రరూపము గల భాగము జతపడలేదని అర్థము. నాలుగవది నడుపుట. కట్టినపుడు దొరకిన భాగము నడుపునపుడు దొరకకపోయినచో, వ్యవస్థ వెదకు స్థలములలో అది లేదన్నమాట.

మాసిక వేయుటకును క్రమము కలదు. ప్యాచ్ ప్రోగ్రాము పంక్తి సంఖ్యతోబాటు చుట్టునున్న పంక్తులను గూడ పోల్చును. వ్రాసినవాని ప్రతియు మన ప్రతియు వేరు కూర్పులైనచో ఆ పంక్తులు సరిపోక, మార్పును తిరస్కరించి వేరొక ఫైలులో ఉంచును. బలవంతముగా అతుకుట తగదు. మొదట ఉత్తుత్తి పరీక్షగా నడిపి చూచి, సరిపోనిచో తిరస్కరింపబడిన మార్పును చదివి, దాని ఉద్దేశమును గ్రహించి, చేతితో దిద్దవలెను. ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో ఏది గుణమిచ్చినదో తెలియదు. ఇది ప్రయోగశాలలో మనము నిత్యము పాటించు నియమమే.

ఉన్నత పాఠశాలలోని పాత కంప్యూటరు మీదనైనను ఈ అభ్యాసము చేయవచ్చును. చిన్న సి ప్రోగ్రామును వ్రాసి, కంపైలు చేసి, అందొక పంక్తి మార్చి, డిఫ్‌తో భేదమును రాబట్టి, పక్క విద్యార్థి ప్రతికి దానిని ప్యాచ్‌తో అతికించుట ఒక గంట పని. ఏదేని ప్రోగ్రాములో తెలుగు ఒత్తు తప్పుగా పడినచో, ఏ మాట, ఏ ఫాంటు, ఏ కూర్పు, ఎట్లుండవలెను, ఎట్లున్నది అని ఐదు పంక్తులు వ్రాసి రచయితలకు పంపుట మరియొక గంట పని. ‘క్ష’ ఒత్తు ఎచ్చట పడవలెనో హెల్సింకీలోని ఇంజనీరుకన్న హిందూపురము విద్యార్థికి బాగుగా తెలియును. ఆ తెలివి పనికివచ్చుటకు మూలపాఠము తెరచియుండవలెను. దానిని తెరచి చదువు ధైర్యము మన విద్యార్థులకు కలుగవలెను.