నేను మోసిన తుపాకి



సైన్యమునుండి మరలివచ్చినవారు తమ పతకములను పెట్టెలో దాచుకొందురు. నేను దాచుకొనలేకపోయిన వస్తువు ఒక్కటి కలదు. అది నా రైఫిలు. అది సర్కారువారి సొత్తు; 1966వ సంవత్సరమున దానిని ఆయుధశాలలో నప్పగించి, చీటిపై చేవ్రాలు చేసి వచ్చితిని. దాని సంఖ్య నాకు నేటికిని కంఠస్థమే. ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట దానిని మరల చేతబట్టవలెనను కోరిక నాకు కలిగినది. సైన్యపు రైఫిలును ఇంట నుంచుకొనుటకు చట్టము సమ్మతింపదు. కావున కఱ్ఱతో దాని ప్రతిరూపమును చేయింప నిశ్చయించితిని. ఆ పనిలో నేను తెలిసికొన్న చరిత్రను నేడు మీకు విన్నవించెదను.

దానిని మన పల్లెలలో “త్రీనాట్ త్రీ” యందురు. గొట్టపు లోపలి కొలత అంగుళములో వేయింట మూడువందల మూడు వంతులగుటచే ఆ పేరు వచ్చినది. దాని యసలు పేరు లీ ఎన్‌ఫీల్డు. స్కాట్లండున 1831లో పుట్టి, అమెరికాఖండమునకు వలసపోయిన జేమ్సు పారిస్ లీ యనునతడు దాని బోల్టును, తూటాలపెట్టెను కల్పించెను. ఎన్‌ఫీల్డు అనునది లండను చెంతనున్న తుపాకుల కర్మాగారపు స్థలము. ఈ రెండు పేరులును 1895లో కలిసినవి. నేను మోసిన పొట్టిరకము 1907నాటి నమూనాకు చిన్న మార్పులతో 1916లో ఏర్పడినది. పెట్టెలో పది తూటాలు పట్టును. ఐదేసి తూటాలు గల రేకుబద్దను పైన నిలిపి బొటనవ్రేలితో నొక్కిన చాలును, అవి లోనికి దిగును.

ఎన్‌ఫీల్డు పేరు మన చరిత్రకు క్రొత్తది కాదు. 1857లో క్రొవ్వుపూసిన తూటాలని సిపాయిలు నిరాకరించినది ఆ కర్మాగారపు పేరుగల వేఱొక తుపాకివే. అటుపిమ్మట దొరలు మన సిపాయిలను పూర్తిగా నమ్మలేదు. క్రొత్త తుపాకి తెల్లవారికిని, వారు విడిచిన పాతది మనవారికిని వచ్చుచుండెను. 1914లో ఫ్రాన్సు యుద్ధమునకై మార్సేల్సు రేవున దిగిన మన సిపాయిలకు, పాతవాటిని తీసికొని, క్రొత్త రైఫిలులను అక్కడ నిచ్చిరి. అవసరము వచ్చినప్పుడుగాని నమ్మకము పుట్టలేదు!

నేను 1961లో సైన్యమున జేరి నీలగిరులయందలి వెల్లింగ్టనులో శిక్షణ పొందితిని. నా చేతికిచ్చిన రైఫిలు కలకత్తా దాపుననున్న ఇషాపూరు కర్మాగారమున తయారైనది. బోల్టుపిడి క్రింది ఇనుపపట్టీపై 1943 అని యుండెను. నేను పుట్టినదియు ఆ యేడే. ఆ యంకెపైన ఒక కిరీటము, “జి. ఆర్. ఐ.” అను అక్షరములు నుండెను. జార్జి అను రాజు, చక్రవర్తి, అని వాని యర్థము. గణతంత్రదేశపు సిపాయినై నేను కిరీటపు ముద్రగల తుపాకిని మోసితిని. అప్పుడు నాకది వింతగా తోచలేదు.

మాయూరి వడ్రంగి టేకుదిమ్మను బాడిసతో చెక్కి, చిత్రికపట్టి, ఉలితో మలచినాడు. పొడవు మూడడుగుల ఎనిమిదిన్నర అంగుళములు. వెనుకభాగమున ఇత్తడిబిళ్ళ యమర్చి, దానిలో మూతయు పెట్టినాడు. అసలు తుపాకిలో నూనెబుడ్డియు, గొట్టము తుడుచు త్రాడును అక్కడ నుండెడివి. గొట్టమును తొలిపింపక నిండుకఱ్ఱగానే యుంచితిమి. ఠాణాలోను ముందుగా చెప్పి వచ్చితిని. పని ముగిసి భుజమున నుంచుకొనగా, నా శరీరము దానిని ఒప్పుకొనలేదు. అది మిక్కిలి తేలికగా నుండెను. అసలుది నాలుగు కిలోలకు దాపు. లోపల ఇనుపకడ్డీలు బిగించి తూకము సరిచేసిన పిమ్మట మరల నెత్తితిని. అప్పుడు నా భుజము దానిని గుర్తించినది.

ముద్ర చెక్కువేళ పదవతరగతి చదువుచున్న నా మనుమడు నా ప్రక్కన కూర్చుండి, “తాతా, జలియన్‌వాలాబాగులో కాల్చినదియు ఈ తుపాకియేనా?” అని యడిగెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. పిమ్మట అతని పుస్తకమును, మఱి రెండు పుస్తకములను చదివితిని. ఔను, ఇదియే. 1919 ఏప్రిలు 13వ తేదీన అమృతసరములో డయరు ఆజ్ఞపై ఏబదిమంది రైఫిలుదారులు 1650 తూటాలు కాల్చిరి. కాల్చినవారు తెల్లదొరలు కారు, భారతసైన్యపు సిపాయిలు. చనిపోయినవారు 379 మంది యని సర్కారువారి లెక్క. అంతకంటె చాలా ఎక్కువయని ప్రజల లెక్క.

సిపాయికి తెలియు లెక్క మఱియొకటి కలదు. 1650ని ఏబదిచే భాగింపగా, సగటున తలకు ముప్పదిమూడు తూటాలు. పెట్టెలో పట్టునవి పదియే. తక్కిన ఇరువదిమూడింటికి ఐదుసారులు రేకుబద్దను నిలిపి నొక్కవలెను. ముప్పదిమూడుమాఱులు బోల్టును వెనుకకు లాగి ముందునకు నెట్టవలెను. మాకు శిక్షణలో నిమిషమునకు పదునైదు గుండ్లు గురితప్పక కాల్చుట నేర్పిరి. అక్కడ కాల్పులు సుమారు పదినిమిషములు జరిగినవి. అనగా ఒక్కొక్క గుండునకును నడుమ పదునెనిమిది సెకండులు. వారికి తొందర లేకుండెను. ఆలోచించుటకు వ్యవధి యుండెను. ఆ కఱ్ఱబోల్టుపై చేయి వేసి పదునెనిమిది సెకండులు లెక్కించితిని. అది ఎంత దీర్ఘకాలమో పెద్దలు మీరును ఒకసారి లెక్కించి చూడుడు.

మనుమనికి ఆ లెక్క చెప్పితిని. దానితోబాటు 1962 నవంబరు 18వ తేదీ సంగతియు చెప్పితిని. లడఖులోని రెజాంగ్‌లా కనుమలో మేజరు షైతాన్‌సింగు దళమువారు ఈ పాతతుపాకులనే పట్టి తుదిదాక నిలిచిరి. నూటికి పైగా అక్కడనే నేలకొరగిరి. ఎదుటివారి చేతులలో తమంతట కాల్చు క్రొత్త తుపాకులుండెను. మఱుసటి యేటినుండి మన సైన్యమునకును క్రొత్తవి రాసాగెను. పాతవి పోలీసుల చేతులకు పోయి, బహుకాల మచ్చట నుండెను. ఉత్తరప్రదేశపు పోలీసులు 2020లో గాని దానిని విడువలేదు.

“అయినచో, తాతా, కిరీటమును చెక్కవలెనా, మానవలెనా?” అని బాలుడు మరల ప్రశ్నించెను. నేను రెండుదినములు యోచించి చెక్కుమంటిని. కిరీటము లేకున్న అది నేను మోసిన తుపాకి కాదు. నాకిష్టమైన వంతు నుంచుకొని, తక్కిన దానిని చిత్రికపట్టి తీసివేయుట నాకు సరిగా తోచలేదు.

ఇప్పుడది మా గోడపై లేదు. మాయూరి ఉన్నతపాఠశాలలో చరిత్ర చెప్పు ఉపాధ్యాయునికి ఇచ్చితిని. ఆ పాఠము వచ్చిన దినమున నన్ను పిలుతురు. పిల్లలు ఒక్కొక్కరు దానిని మోసి చూతురు. బరువునకు చేతులు వంగును. పిమ్మట అందఱును మౌనముగా పదునెనిమిది వఱకు లెక్కింతురు.