విదేశంలో ఉన్నవారి సంతకం ఇక్కడ చెల్లాలంటే: నోటరీ, రాయబార కార్యాలయం, అపోస్టిల్

మన బడి పిల్లల్లో కొందరి నాన్నలు గల్ఫ్‌లో పని చేస్తున్నారు. కొందరి అన్నలు, అక్కలు అమెరికాలో ఉన్నారు. పిల్లకు పాస్‌పోర్టు తియ్యాలన్నా, పొలం రిజిస్ట్రేషన్ అయినా, బ్యాంకు పని అయినా "వాళ్ల సంతకం నోటరీ చేయించి తెప్పించండి" అని ఇక్కడి కచేరీలో చెప్తారు. ఆ మాట పట్టుకుని వాళ్లు అక్కడ దొరికిన నోటరీతో ముద్ర వేయించి కొరియర్‌లో పంపుతారు. తీరా వచ్చాక ఇది చెల్లదంటారు. అందుకే తల్లిదండ్రుల కోసం, పై తరగతుల పిల్లల కోసం ఈ వివరాలు ఇస్తున్నాం.

మన దేశంలో నోటరీ అంటే 1952 నోటరీల చట్టం కింద సర్కారు నియమించిన వ్యక్తి, ఎక్కువగా వకీలే. సంతకం చేసింది ఫలానా మనిషే అని ఆయన ముద్ర చెప్తుంది. కాగితంలో రాసినదంతా నిజమని చెప్పదు. ఈ తేడా చాలామందికి తెలియదు. దేశాన్ని బట్టి నోటరీ పద్ధతి కూడా మారుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నోటరీ వకీలు కానక్కరలేదు, బ్యాంకు ఉద్యోగి కూడా కావచ్చు. దుబాయిలాంటి చోట కాగితం అరబ్బీలో గానీ, అరబ్బీతో కలిపి రెండు భాషల్లో గానీ ఉండాలి.

పరాయి దేశస్థుడైనా అక్కడి నోటరీ దగ్గరికి పోవచ్చు. అసలు పాస్‌పోర్టు, అక్కడి నివాస కార్డు చూపించాలి. ఆ దేశంలోనే వాడే కాగితానికి అది సరిపోతుంది. మన ఊళ్లో చూపించే కాగితం సంగతి వేరు. కాబట్టి కాగితం ఏ దేశంలో, ఏ ఆఫీసులో ఇవ్వాలో తేల్చుకున్నాకే నోటరీ దగ్గరికి పోవాలి.

మన దేశంలో వాడే కాగితానికి అన్నిటికంటే తేలికైన దారి అక్కడి భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్. 1948లో వచ్చిన ఒక చట్టం ప్రకారం అక్కడి మన అధికారులు నోటరీ చేసే పనులన్నీ చెయ్యవచ్చు. వారి ముద్రను ఇక్కడ మళ్లీ రుజువు చెయ్యక్కరలేదు, అపోస్టిల్ కూడా అక్కరలేదు. కాన్సులేట్ దూరమైతే, వేరే ఊళ్లలో అప్పుడప్పుడు పెట్టే కాన్సులర్ క్యాంపు తేదీలు కనుక్కోండి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటే ముందుగానే అడిగి తెచ్చుకోవాలి. జిరాక్సుతో పని కాదు. చాలా చోట్ల ఇద్దరు సాక్షులను కూడా అడుగుతారు.

రెండో దారి అపోస్టిల్. 1961లో హేగ్ నగరంలో కుదిరిన ఒప్పందం ఇది. ఒప్పందంలో ఉన్న దేశం తన నోటరీ ముద్రకు అపోస్టిల్ అనే ధ్రువపత్రం జతచేస్తే, మిగతా దేశాలు దాన్ని ఒప్పుకోవాలి. భారతదేశానికి ఇది 2005 జులై 14 నుంచి అమల్లో ఉంది. అమెరికా, ఒమన్, బహ్రెయిన్ కూడా ఇందులో ఉన్నాయి. సౌదీకి 2022 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. కువైట్, దుబాయి ఉన్న ఎమిరేట్స్ ఇందులో లేవు. అక్కడ స్థానిక నోటరీ దగ్గర చేయిస్తే ఆ దేశపు విదేశాంగ శాఖ, ఆపైన మన రాయబార కార్యాలయం అని ముద్ర మీద ముద్ర వేయించాలి. అంత తిరుగుడు ఎందుకు, నేరుగా మన కార్యాలయానికే పోవడం మేలు.

పొలం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. నైజాం కాలం కాగితాల్లో ముక్తార్‌నామా అని ఉండేదే ఇప్పటి పవర్ ఆఫ్ అటార్నీ. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్‌లో విదేశంలో ఉన్నవారు నోటరీ ముందు గానీ, భారత కాన్సుల్ ముందు గానీ దీన్ని రాసివ్వవచ్చని ఉంది. చట్టంలో నోటరీ అనే మాట ఉన్నా, అక్కడి నోటరీ ఎవరో ఇక్కడి సబ్ రిజిస్ట్రార్‌కు తెలియదు గదా! అందుకే కాన్సులేట్ ముద్రో, అపోస్టిలో అడుగుతారు. పత్రం కర్ణాటకకు చేరిన మూడు నెలల లోపల ఇక్కడి స్టాంపు రుసుం కట్టాలి. కవరు మీద తేదీ కనబడేటట్టు దాచిపెట్టండి. చాలామంది బీరువాలో పెట్టి మరిచిపోతారు, ఆపైన జరిమానా అంటే బాధపడతారు.

ఇంట్లో ముందే సంతకం చేసి తీసుకుపోకూడదు, అధికారి ఎదుటే చెయ్యాలి. ఖాళీ కాగితం మీద సంతకం ఎవరికీ, తోడబుట్టినవాడికి కూడా ఇవ్వవద్దు. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, ఏ పనికి అధికారం ఇస్తున్నారో అన్నీ రాయించండి. అమ్మే అధికారం ఇవ్వదలచుకోకపోతే ఆ మాట రాయనే వద్దు. పవర్ పత్రం మీదనే పొలం కొన్నామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి: దానితో హక్కు మారదని, రిజిస్టరైన క్రయపత్రమే కావాలని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది.

పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇక్కడ ఉన్నవారు ఇచ్చే పత్రానికి 2016 డిసెంబరు నుంచి నోటరీ అక్కరలేదు, సాదా కాగితం మీద రాసి సంతకం చేస్తే చాలు. అయినా ఇంకా డబ్బు పెట్టి నోటరీ చేయిస్తున్నారు! నాన్న విదేశంలో ఉంటే మాత్రం ఆయన ప్రమాణపత్రం అక్కడి మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి పంపాలి.

ఇక్కడి నుంచి అక్కడికి పోయే మార్క్స్ కార్డు, జనన పత్రాలకు దారి ఇది: మొదట రాష్ట్ర అధికారి ధ్రువీకరణ, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ. దాని శాఖ కార్యాలయం బెంగళూరులో ఉంది. అపోస్టిల్‌కు సర్కారు రుసుం ఒక్కో పత్రానికి రూ. 50 మాత్రమే. కాగితాలు తీసుకునే అధీకృత సంస్థ సేవా రుసుం దీనికి అదనం. ఏజెంట్లు వేలు అడిగితే రసీదు చూపించమనండి.

ఇందులో మన బడి చేతిలో ఉన్నది పేర్లు. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పహణిలో తండ్రి పేరు ఇంకోలా ఉంటుంది. ఇక్కడి కన్నడ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ఇంకో అక్షరం తేడా పడుతుంది. ఎన్ని ముద్రలు ఉన్నా పేరు కలవకపోతే కాగితం వెనక్కి వస్తుంది. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపకముందే, పిల్లవాడి జనన పత్రం, ఆధార్, పాస్‌పోర్టు ఉంటే దాని జిరాక్సు తీసుకుని బడి ఆఫీసుకు వచ్చి దాఖలా పుస్తకంతో సరిచూసుకోగలరు.