షికాగో ముష్టియుద్ధము : దశసంఖ్యావిచారము

ముష్టియుద్ధ వృత్తాంతముతోఁ బండితులకేమి పనియని కొందఱు శంకింపవచ్చును. సూత్రార్థనిర్ణయము మన పని. 1927వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేది రాత్రి అమెరికాలోని షికాగోనగరమున జగజ్జెట్టి పదవి యొక నియమముయొక్క యర్థముపై నాధారపడెను. కావున నది మన విచారమునకుఁ దగినదే.

నాఁటి యోధు లిరువురును గురుభారవర్గమువారు. జాక్ డెంప్సీ 1919 జూలై 4వ తేదిని టొలీడోలో జెస్ విల్లార్డు నోడించి యా పదవిని గైకొని, యేడేండ్లు నిలుపుకొనెను. 1926 సెప్టెంబరు 23వ తేదిని ఫిలడెల్ఫియాలో జీన్ టనీ యతనిని పది రౌండ్ల పోరున జయించెను. పోయిన పదవిని మఱల సంపాదింపఁగోరి డెంప్సీ షికాగోలోని సోల్జర్ ఫీల్డునకు వచ్చెను. చూడవచ్చినవారు లక్షకు మించిరి. వసూలైన సొమ్ము 26 లక్షల డాలర్లను దాఁటెను.

పడినవాఁడు పది లెక్కించులోఁగా లేవనిచో నోడినట్లే యనుట ప్రాచీననియమము. పడఁగొట్టినవాఁడు తటస్థమైన మూలకుఁ బోయినగాని లెక్క యారంభింపరాదనుట దానికిఁ జేరిన విశేషము. పడినవాని చెంతనే నిలిచి, లేచుచుండఁగానే మఱల మోఁదుట డెంప్సీకి వాడుక. 1923లో ఫిర్పోతోడి పోరున నది లోకమునకు విదితమయ్యెను. ఈ విశేషము షికాగోలో ముందుగానే యిరుపక్షములకుఁ దెలుపఁబడెను.

ఏడవ రౌండున డెంప్సీ దెబ్బలకు టనీ కూలెను. డెంప్సీ వాడుకచొప్పున నచ్చటనే నిలిచెను. మధ్యవర్తియగు డేవ్ బారీ యతనిని మూలకుఁ బొమ్మని యాజ్ఞాపించి, యతఁడు కదలిన పిమ్మటనే ఒకటి మొదలు లెక్కించెను. తొమ్మిది యనునప్పటికి టనీ లేచెను. అతఁడు పడియున్న కాలము సుమారు 14 సెకండ్లని తరువాతఁ గణించిరి. పది రౌండ్లు ముగియఁగా న్యాయనిర్ణేతలు టనీకే జయ మొసఁగిరి.

పది సెకండ్లు గడచినవి గనుక డెంప్సీయే విజేతయని పూర్వపక్షము. ఇది నిలువదు. నిమిత్తము లేక కార్యము కలుగదు. పరమున నచ్చు లేనిచోట యణాదేశము రానట్లే, ప్రతియోధుఁడు మూలకుఁ బోవనిచో లెక్కయుఁ బుట్టదు. ఇచ్చట దశసంఖ్య కేవలకాలవాచకము కాదు. మధ్యవర్తి లెక్కకు వాచకము.

అయినను వేఱొక యాక్షేపము కలదు. ఎనిమిదవ రౌండున డెంప్సీ పడఁగా, టనీ మూలకుఁ బోవుటకు వేచియుండక బారీ వెంటనే లెక్క నారంభించెను. డెంప్సీ తక్షణమే లేచుటచేత ఫలము మాఱలేదు. కాని సూత్రమొక్కటియే, ప్రవృత్తి రెండువిధములు. ఏడవ రౌండున నియమమును దూషించుట తగదు. ఎనిమిదవ రౌండున మధ్యవర్తిని సమర్థించుటయుఁ దగదు.

టనీ 1928లో యేల్ విశ్వవిద్యాలయమున షేక్స్‌పియరునుగూర్చి యుపన్యసించి, యా యేఁట జూలై 26వ తేదిని టామ్ హీనీని జయించి పోరు మానెను. డెంప్సీకి పదవి మఱల దక్కలేదు. ఇరువురును తరువాత మిత్రులైరి. వివాదము మాత్రము వారిని మించి బ్రదికినది. నియమ మెంత మంచిదైనను, ఇరువురియం దొక్కరీతిగాఁ బ్రవర్తింపనిచో దాని తీర్పు సర్వసమ్మతము కానేరదని విజ్ఞులు గ్రహింతురుగాక.