పాదిరి కన్నా ముందు పెళ్లిపెద్ద

న్యూజిలాండ్‌లో క్రైస్తవం ఎప్పుడు మొదలైందని ఇక్కడ ఎవరినడిగినా 1814 క్రిస్మస్ అంటారు. బే ఆఫ్ ఐలండ్స్‌లోని ఓయిహీ ఒడ్డున శామ్యూల్ మార్స్‌డెన్ అనే పాదిరి తొలి ప్రసంగం చేశాడు. 1907లో ఆ చోట నిలిపిన రాతి శిలువకు కూడా ఆయన పేరే. ఈ దేశానికి వచ్చి స్థిరపడ్డాక ఆ కథ వినగా వినగా నాకు తోచిందేమిటంటే, ఆ పెళ్లికి పురోహితుడి పేరు మిగిలింది గానీ పెళ్లిపెద్ద పేరు వెనకబడిపోయింది.

పెళ్లిపెద్ద రువాతారా. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల్లో ఙాపుహి తెగకు చెందిన యువ నాయకుడు. ఓడల్లో కూలికి చేరి, ఎలాగైనా మూడో జార్జి రాజును కళ్లారా చూడాలని 1809లో లండన్ దాకా వెళ్లాడు. రాజు సంగతి దేవుడెరుగు, ఓడ దిగి ఊరు చూడనిచ్చిందే తక్కువ. జీతం ఎగ్గొట్టి, ఖైదీలను సిడ్నీకి మోసుకెళ్లే ఓడ ఎక్కించేశారు. అదే ఓడలో ఉన్న మార్స్‌డెన్ కంటపడేసరికి, పాత కోటు కప్పుకుని రక్తం కక్కుకుంటూ డెక్కు మీద పడి ఉన్నాడు. పాదిరి అతన్ని బతికించి, సిడ్నీ దగ్గర పారమట్టాలో తన ఇంట్లో ఉంచుకుని వ్యవసాయం నేర్పించాడు.

ఈ మార్స్‌డెన్‌ను మెచ్చుకోవడానికి నాకు ఓ పట్టాన మనసొప్పదు. ఆదివారం ప్రసంగం, తక్కిన రోజుల్లో మేజిస్ట్రేటు ఉద్యోగం; ఖైదీల వీపులు చీరించిన ‘కొరడా పాదిరి’గా ఆస్ట్రేలియాలో ఇప్పటికీ అపకీర్తి ఉంది. రువాతారాకు సేవ చేసిందీ ఆ చేతులే. ఏది అసలు మనిషి అంటే, రెండూ.

పారమట్టా నుంచి రువాతారా గోధుమ విత్తనాలు పట్టుకెళ్లి బంధువులకు పంచాడు. పైరు పెరిగింది. గింజలెక్కడ? చిలగడ దుంపల్లా వేళ్లకు ఉంటాయనుకుని జనం మొక్కలు పీకి చూశారు, ఏమీ కనబడక తగలబెట్టారు. రువాతారా చేను, హోంగి హికా అనే మరో నాయకుడి చేను మాత్రం మిగిలి వెన్ను వేశాయి. అయినా వాటితో రొట్టె అవుతుందంటే నమ్మేవాళ్లు లేరు. ఓ ఓడవాళ్ల దగ్గర కాఫీ గింజల మర అడిగి తెచ్చాడు గానీ అది ఏ మూలకూ చాల్లేదు. చివరికి 1814లో మార్స్‌డెన్ చేతి మర పంపాక, పిండి విసిరి, జల్లించి, పెనం మీద రొట్టె కాల్చి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు కేకలు వేసి గంతులేశారట. దొరలు రాకముందే దొరల తిండి గురించి ఊరిని ఒప్పించే పని ఇతని నెత్తిన పడిందన్నమాట.

పాదిరీలు ఇక్కడికి రావడం అన్నేళ్లు ఎందుకు ఆలస్యమైందంటే బాయిడ్ ఓడ వల్ల. ఆ ఓడ మీద ఒక మావోరీ నాయకుడి కొడుకును కొరడాతో కొట్టారు. 1809 చివర్లో ఫంగరోవా రేవులో అతని జనం పగ తీర్చుకుని, ఓడలోని వాళ్లను కొద్దిమందిని తప్ప అందరినీ చంపేశారు. దానికి బదులుగా తిమింగలాల వేటగాళ్లు ఏ పాపమూ ఎరగని తె పహి అనే నాయకుడి ద్వీపం మీద పడి నరికారు. అతను రువాతారాకు బంధువే. ఆ తర్వాత ఇటు రావడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. మార్స్‌డెన్ చివరికి ‘యాక్టివ్’ అనే చిన్న ఓడ తనే కొనుక్కుని 1814 నవంబరు 28న బయలుదేరాడు.

ఓడలో గుర్రాలు, ఆవులు, గొర్రెలు, కోళ్లు. కెండల్, హాల్, కింగ్ అనే ముగ్గురు మిషనరీల కుటుంబాలు. ఒకరు బడిపంతులు, ఒకరు వడ్రంగి, ఒకరు చెప్పులు కుట్టేవాడు. ముందు చేతిపనులు నేర్పితే సువార్త దానంతటదే ఎక్కుతుందని మార్స్‌డెన్ సిద్ధాంతం. బూట్లెరగని ఊరికి చెప్పుల పనివాడేమిటో!

అసలు సంగతి ఓడలోనే జరిగింది. రువాతారా ముభావంగా ఉండిపోయాడు. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే బయటపెట్టాడు: సిడ్నీలో ఎవరో చెప్పారట, ఇవాళ పాదిరీలు వస్తారు, రేపు సైన్యం వస్తుంది, సిడ్నీ ఆదివాసులకు పట్టిన గతే మీకూ పడుతుందని. కావాలంటే ఓడ వెనక్కి తిప్పేస్తానన్నాడు మార్స్‌డెన్. వద్దన్నాడు రువాతారా, అయితే వాళ్లు నా ఊళ్లో, నా అండన ఉండాలన్నాడు. మనవైపు 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగినప్పుడు అక్కడ కంపెనీ పాలన ఉంది. ఓయిహీలో దిగినవాళ్లకు ఉన్నది రువాతారా మాట ఒక్కటే.

దారిలో ఒక రాత్రి బాయిడ్ మీద పగ తీర్చుకున్న జనం మధ్యే మార్స్‌డెన్ ఆరుబయట పడుకున్నాడు. చుట్టూ నేలలో గుచ్చిన బల్లేలు. డిసెంబరు 22న ఓయిహీ పక్కనే ఉన్న రువాతారా ఊరు రంగిహోవా చేరారు. గుర్రాన్ని ఒడ్డుకు దింపి దాని మీద సవారీ చేస్తే జనం నోళ్లు తెరిచారు. అంతకుముందు రువాతారా మనుషుల్ని మోసే జంతువు ఉందంటే చెవుల్లో వేళ్లు పెట్టుకున్నవాళ్లే వీళ్లు. కొందరైతే పందులెక్కి చూసి బురదలో పడ్డారు కూడా.

శనివారం రువాతారా కంచె కట్టించాడు. పాత పడవ చెక్కలతో ప్రసంగ వేదిక, బోర్లించిన పడవలతో తెల్లవాళ్లకు ఆసనాలు, గుట్ట మీద ఇంగ్లిష్ జెండా. మర్నాడు, క్రిస్మస్ ఆదివారం, పొద్దున్నే రువాతారా, హోంగి, మరో నాయకుడు కొరొకొరో సిడ్నీ గవర్నరు ఇచ్చిన సైనిక దుస్తుల్లో వచ్చారు. వందో కీర్తన పాడారు. జనం ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో కొరొకొరో తన బెత్తంతో సైగ చేశాడు. లూకా రెండో అధ్యాయం మీద ఇంగ్లిష్‌లో ప్రసంగం. మాకేం అర్థం కావడం లేదన్నారు జనం. పోనుపోను అర్థమవుతుందిలే అని, తర్వాత రువాతారా తనకు తోచినట్టు వివరించాడు. అతని మాటలు పూర్తిగా రాసిపెట్టినవారు లేరు. అంతా అయ్యాక వందలమంది కలిసి మావోరీ నృత్యం హాకా ఆడారు.

1815 ఫిబ్రవరి 24న పన్నెండు గొడ్డళ్లు ఇచ్చి సుమారు 200 ఎకరాలు మిషన్ పేర రాయించుకున్నారు. మార్స్‌డెన్ ఓడెక్కిన కొద్ది రోజులకే, మార్చి 3న, రువాతారా జబ్బుతో చనిపోయాడు. అండ హోంగి హికాకు మారింది. అతనికి సువార్త కన్నా తుపాకులు ముద్దు. 1820లో కెండల్‌తో ఇంగ్లండ్ వెళ్లి, నాలుగో జార్జిని కలిసి, వస్తూ సిడ్నీలో కానుకలకు బదులు తుపాకులు పోగేసుకున్నాడు. తర్వాత జరిగిన దండయాత్రల్లో నెత్తురు ఏరులై పారింది. మొదటి మావోరీ బాప్తిస్మానికి 1825 దాకా ఆగాల్సి వచ్చింది.

1840 ఫిబ్రవరి 6న వైతాంగిలో మావోరీ నాయకులతో బ్రిటిష్ రాణి పేర ఒప్పందం జరిగింది. దాన్ని మావోరీలోకి మార్చిపెట్టింది హెన్రీ విలియమ్స్, ఆయనా మిషనరీయే. అయిదేళ్లకే అదే ఉత్తరాదిలో సైన్యంతో యుద్ధం జరిగింది. ఓడలో రువాతారా బయటపెట్టిన అనుమానం ఇంకా తేలలేదు. ఆ తొలి క్రిస్మస్‌కు ద్విశతాబ్ది జరిగిన 2014లోనే, 1840 ఫిబ్రవరిలో సంతకాలు పెట్టిన నాయకులు తమ సార్వభౌమాధికారాన్ని వదులుకోలేదని, ఆ ఒప్పందం మీద ఫిర్యాదులు విచారించే వైతాంగి ట్రిబ్యునల్ తేల్చింది. అధికారం మాదేనని ప్రభుత్వం అంటోంది.