పాఠశాలల స్థల ప్రణాళిక

పెరుగుతున్న పట్టణంలో రాబోయే ఏళ్లకు ఎన్ని బడులు, ఎక్కడెక్కడ కావాలో ముందే అంచనా వేసి భూమి కేటాయించడమే పాఠశాలల స్థల ప్రణాళిక. అమెరికా ప్రణాళికాకర్త క్లారెన్స్ పెర్రీ 1929లో ప్రతిపాదించిన నివాస విభాగానికి ప్రాథమిక పాఠశాలే కేంద్రం. పెద్ద రోడ్లు విభాగం అంచుల్లోనే ఉంటాయి, పిల్లలు వాటిని దాటనక్కర్లేదు.

అంచనాకు మూలం జననాల నమోదు. ఈ ఏడాది పుట్టినవారు ఆరేళ్లకు ఒకటో తరగతిలో చేరతారు. ఒక తరగతి నుంచి పై తరగతికి ఏటా ఎందరు వెళుతున్నారో గత లెక్కలు చెబుతాయి. చిక్కంతా వలసలతోనే. కొత్త లేఅవుట్లు, అపార్ట్‌మెంట్ల అనుమతులు చూస్తే వాటి జాడ కొంత తెలుస్తుంది. అయితే ప్లాట్లు అమ్ముడైనంత వేగంగా ఇళ్లు లేవవు, కాపురాలు అంతకన్నా ఆలస్యం.

భారత్‌లో 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టపు కేంద్ర నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపు నడిచి వెళ్లగలిగేలా బడి ఉండాలి. వరద, కొండచరియల ముప్పున్న దారులను తప్పించాలి. మ్యాపు మీద గీసిన వృత్తం మధ్యలోని రైలు పట్టాలనో వాగునో చూపదు కనుక నడక దారినే కొలవడం మేలు.

మాస్టర్ ప్లాన్‌లో గుర్తించినంత మాత్రాన స్థలం దక్కదు. మహారాష్ట్ర 1966 పట్టణ ప్రణాళిక చట్టం ప్రకారం, బడి వంటి అవసరాలకు ప్లాన్‌లో కేటాయించి పదేళ్లలోగా సేకరించని భూమిపై యజమాని నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు గడువులోగా ప్రభుత్వం కదలకపోతే ఆ కేటాయింపు రద్దవుతుంది.